వాగ్దానం కార్డూ, పేస్లిప్పూ

మొన్న మా టీంలో ఒకబ్బాయిని తీసేశారు. మామూలే, మీటింగు ఇన్వైట్ లో హెచ్ఆర్ పేరు కనిపించగానే అందరికీ అర్థమైపోయింది. సాయంత్రం చూస్తే అతని వాట్సాప్ స్టేటస్ లో ఒక బైబిల్ వాక్యం ఉంది. యిర్మీయా 29:11. మన క్రైస్తవ ఐటీ జనాభాలో సగం మంది మానిటర్ల మీద అంటించి ఉండేది, నీ గురించి నాకున్నవి మంచి ఉద్దేశాలే అని దేవుడు చెప్పేది. నాకు కడుపులో ఏదో తిప్పినట్టయింది. వాక్యం తప్పని కాదు. నాకూ దానికీ పాత లెక్కలున్నాయి. చాన్నాళ్లుగా రాద్దామని వాయిదా వేస్తున్నా, ఇవాళ కూర్చున్నా.

క్రైస్తవులు కాని మిత్రుల కోసం కాస్త వివరంగా చెప్తాను. ప్రతి డిసెంబర్ 31 రాత్రి మా ఊరి చర్చిలో (ఒంగోలు పక్కన) ఆరాధన ఉంటుంది. పన్నెండు కొట్టేదాకా పాటలు, ప్రార్థన, ప్రసంగం. పన్నెండు దాటగానే కేకు, కరచాలనాలు. ఆ తర్వాత ఒక స్టీలు పళ్లెంలో బోర్లించిన చిన్న కార్డులు వస్తాయి. వరసలో వెళ్లి తలా ఒకటి తీసుకోవాలి. దాని మీద ఉన్న వాక్యమే ఆ ఏడాదికి మన వాగ్దానం. లాటరీ కాదు అని అయ్యగారు ప్రతి ఏడూ చెప్తారు. కానీ మంచి కార్డు రాని పిల్లల మొహాలు చూస్తే తెలిసిపోతుంది ఎవరు ఏమనుకుంటున్నారో :)

2022 డిసెంబర్ 31 రాత్రి నాకు ఆ 29:11 వచ్చింది. మా అమ్మ దాన్ని ఫ్రిజ్ కి అంటించి, ఫోటో తీసి బంధువులందరికీ పంపింది. ఆ మరుసటి నెలలోనే మైక్రోసాఫ్ట్ పది వేల మందినీ, గూగుల్ పన్నెండు వేల మందినీ తీసేస్తున్నట్టు ప్రకటించాయి. మనది అంత పెద్ద కంపెనీ కాదు కదా అనుకున్నా. ఫిబ్రవరిలో క్లయింటు ప్రాజెక్టు ఆపేశాడు. నేను బెంచి మీదకొచ్చా, మూడు వారాలకి "మీరే రిజైన్ చేస్తే రిలీవింగ్ లెటర్ బాగుంటుంది" అన్నారు. చేశా.

అసలు కథ ఇక్కడ మొదలవలేదు. అంతకు ముందు 2021లో మొదలైంది.

ఆ ఏడాది రెండో సగం మీకందరికీ గుర్తుండే ఉంటుంది. చేతిలో మూడు ఆఫర్లు పెట్టుకుని నాలుగో దానికి ఇంటర్వ్యూ ఇచ్చిన రోజులు. నేనూ మారాను, జీతం రెట్టింపు దాటింది. ఊరికెళ్తే అమ్మ పట్టుబట్టింది, సాక్ష్యం చెప్పాలని. సాక్ష్యం అంటే దేవుడు మన జీవితంలో చేసిన మేలు సంఘం ముందు నిలబడి చెప్పడం. మైకు ఇచ్చారు. దేవుడు నమ్మకస్థుడు, అడిగిన దానికంటే ఎక్కువ ఇచ్చాడు, మీరూ విశ్వాసంతో అడగండి అన్నాను. హైక్ ఎంత శాతమో కూడా చెప్పాను. (చెప్పకుండా ఉండాల్సింది. ఇప్పటికీ తల్చుకుంటే చెవులు వేడెక్కుతాయి.) స్తోత్రం, స్తోత్రం అన్నారు అందరూ.

బయటికొచ్చాక చెప్పుల దగ్గర ఒక అక్క ఆగింది. వరసకి అక్క, మా వీధే. ఆ మే నెలలో, కోవిడ్ రెండో వేవ్ లో, బావ పోయాడు. పదకొండు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాడు. సంఘమంతా గొలుసు ప్రార్థన చేశాం. ఆమె నా చెయ్యి పట్టుకుని, నిష్ఠూరమేమీ లేకుండా, నిజంగా తెలుసుకుందామన్నట్టు అడిగింది.

"నేను సరిగ్గా అడగలేదేమో కదా తమ్ముడూ?"

నా దగ్గర జవాబు లేదు. ఏదో నసిగి బండి తీశాను. అయినా మళ్లీ హైదరాబాదు వచ్చి పడ్డాక మర్చిపోయాను. పేస్లిప్పు చాలా విషయాలు మర్పిస్తుంది.

ఉద్యోగం పోయాక గానీ ఆ ప్రశ్న మళ్లీ తలుపు కొట్టలేదు. ఈసారి అడిగింది నన్ను. దశమభాగం క్రమంగా ఇచ్చావా బాబూ అని ఒక పెద్దాయన ఆరా తీశారు. రహస్య పాపమేదన్నా ఉందేమో చూసుకోమని ఒక బ్రదర్ సలహా. టీవీలో ఒకాయన, అప్పుల్లో ఉన్నవాళ్లు చేతిలో ఉన్న ఆఖరి వెయ్యి విత్తనంగా విత్తండి, నూరంతలు కోస్తారు అంటున్నాడు. నేను క్రెడిట్ కార్డు మినిమం డ్యూ కట్టడానికి పర్సనల్ లోన్ చూస్తున్న రోజులవి. లెక్కలొచ్చిన వాణ్ణి కాబట్టి నూరంతలు అంటే లక్ష అని వెంటనే తట్టింది. మీకు నవ్వొస్తుందేమో గానీ ఒక అర నిమిషం నిజంగానే ఫోను చేతిలోకి తీసుకున్నా.

ఎనిమిది నెలలు ఖాళీ. ఉదయం అప్లికేషన్లు, మధ్యాహ్నం డీఎస్ఎ, మిగిలిన టైములో ఫ్రిజ్ మీదున్న ఆ కార్డుతో గొడవ. మనకి ఎర్రర్ లాగ్ లో ఒక్క లైను చూపించి బగ్గేంటో చెప్పమంటే ఏమంటాం? పైనా కిందా చూపించు అంటాం కదా. పుట్టినప్పట్నుంచీ క్రైస్తవుణ్ణి, ఆ అధ్యాయం మొత్తం ఒక్కసారైనా చదవలేదు. చదివాను.

అది ఒక ఉత్తరం. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేము మీద పడి, రాజునీ, పెద్దలనీ, పనివాళ్లనీ బందీలుగా పట్టుకుపోయాడు. అలా పోయినవాళ్లకి, వెనక మిగిలిన యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం. దానికి ముందు అధ్యాయంలో హనన్యా అనే ఇంకో ప్రవక్త ఉన్నాడు. గుళ్లో అందరి ముందూ నిలబడి రెండేళ్లలో అంతా తిరిగొచ్చేస్తుంది, రాజు వస్తాడు, గుడి సామాన్లొస్తాయి, జనం వస్తారు అని దేవుడి పేరు మీద ప్రకటించాడు. యిర్మీయా మెడ మీద గుర్తుగా వేసుకున్న కాడిని లాగి విరగ్గొట్టాడు కూడా. జనం ఎంత ఉప్పొంగిపోయి ఉంటారో ఊహించుకోండి. యిర్మీయా రాసిన ఉత్తరంలో ఉన్నది మాత్రం డెబ్బై ఏళ్లు.

మనకి తెలిసిన సీనే. సేల్స్ వాడు క్లయింటుకి రెండు నెలలని చెప్పొస్తాడు, కోడు చూసినవాడు రెండేళ్లంటాడు. మీటింగులో చప్పట్లు ఎవరికో, తిట్లు ఎవరికో చెప్పక్కర్లేదు. హనన్యా ఆ ఏడే చచ్చిపోయాడని అక్కడ రాసుంది.

డెబ్బై ఏళ్లంటే ఏంటో ఒక్క నిమిషం ఆలోచించండి. ఆ ఉత్తరం అందుకున్న ముప్ఫై ఏళ్ల మనిషి మళ్లీ ఊరు చూడడు. ఆ మాట స్టిక్కరు మీద ఎక్కడా ఉండదు. ఆ 29:11 ఒక్కో మనిషికి ఒక్కో ప్రమోషన్ హామీ కాదు, తాము చూడని తిరుగు ప్రయాణం కోసం బతకమని ఒక జనానికి చెప్పిన మాట. మరి అప్పటిదాకా ఏం చెయ్యాలి? ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లల పెళ్లిళ్లు చెయ్యండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ ఊరి క్షేమం కోసమే ప్రార్థించండి, దాని క్షేమంలోనే మీ క్షేమం ఉంది అంటాడు. శత్రువు ఊరి కోసం! నాకిది కొత్తగా, కాస్త కోపంగా కూడా అనిపించింది. నాకు రిలీవింగ్ లెటర్ పంపిన కంపెనీ క్షేమం కోసం ప్రార్థించాలంటే ఆ రోజుల్లో నా వల్ల కాలేదు, అబద్ధమెందుకు.

ఇంకో చిన్న సంగతి. ఈ వాక్యాన్ని మన ఐటీ వాళ్లు ఎక్కువగా ఇంగ్లీషులో చదువుతారు, ఎన్ఐవీ అనే అనువాదంలో. అందులో 'ప్రాస్పర్' అనే మాట ఉంది. మన పాత తెలుగు బైబిల్లో 'సమాధానకరమైన' అని ఉంటుంది. మూల హీబ్రూలో ఉన్నది 'షాలోమ్'. పైన ఊరి క్షేమం అన్న చోటా అదే షాలోమ్. మన పాత అనువాదకులు ఈ విషయంలో దగ్గరగా ఉన్నారు. ప్రాస్పర్ అనగానే మన బుర్రలో సీటీసీ తిరుగుతుంది. సమాధానం అంటే తిరగదు.

ఖాళీగా ఉన్నాగా, ఇంకో పదం పట్టుకుని గ్రెప్ కొట్టా. వర్ధిల్లడం, సఫలం కావడం అని మనం చదివే చాలాచోట్ల హీబ్రూలో 'త్సాలఖ్' అనే ధాతువు ఉంది. యెహోషువకి ధర్మశాస్త్రం విడవకపోతే నీ మార్గం వర్ధిల్లుతుందని చెప్పిన చోటా, మొదటి కీర్తనలో నీటి కాలవ పక్కన చెట్టు దగ్గరా ఇదే. ఇంతవరకూ అందరూ ప్రసంగించేవే. ఆదికాండం 39లో యోసేపు వర్ధిల్లాడని రాసిందీ ఇదే. ఎప్పుడు? ఐగుప్తుకి ప్రధాని అయ్యాక కాదు. అన్నలు అమ్మేసి, పోతీఫరు ఇంట్లో బానిసగా ఉన్నప్పుడు. అదే అధ్యాయం చివర, చెయ్యని తప్పుకి జైల్లో పడ్డాక మళ్లీ అదే మాట. జీతం లేదు, డిజిగ్నేషన్ లేదు, విడుదల తేదీ లేదు. రాసినాయన మటుకు వర్ధిల్లాడనే రాశాడు, దేవుడు తోడుగా ఉన్నాడు కాబట్టి.

యెషయా 53లో కూడా అదే ధాతువు. దెబ్బలు తిని, అన్యాయంగా చంపబడే సేవకుడి చేతిలో దేవుడి ఉద్దేశం సఫలమవుతుందని. క్రైస్తవులం ఆ సేవకుడు యేసే అని నమ్ముతాం. అంటే మా మతం నడిబొడ్డున ఉన్న సక్సెస్ స్టోరీ ముప్ఫై చిల్లర వయసులో, శిష్యులు పారిపోగా, బట్టలు కూడా పంచుకోబడి చనిపోయిన మనిషిది. అది పక్కన పెట్టి మేం హైక్ పర్సెంటేజీలు సాక్ష్యం చెప్పుకుంటున్నాం. నేనే చెప్పాను కాబట్టి ఎవర్నీ అనట్లేదు.

అన్నట్టు యిర్మీయా కూడా ఈ మాట వాడాడు. 12వ అధ్యాయంలో, దుర్మార్గుల మార్గం ఎందుకు వర్ధిల్లుతోంది అని దేవుణ్ణి నిలదీస్తాడు. కాబట్టి జీతం పెరగడం దేవుడి మెప్పుకి రుజువు అనుకుంటే, మన మేనేజర్లలో కొందరు మహా పరిశుద్ధులని ఒప్పుకోవాలి :)

కొందరు యోబుని తెస్తారు. చివర్లో అన్నీ రెండంతలు వచ్చాయి కదా అని. వచ్చాయి, గొర్రెలు ఏడు వేలున్నవి పద్నాలుగు వేలయ్యాయి. ఆ పుస్తకం మధ్యలో ముప్ఫైకి పైగా అధ్యాయాలు, నువ్వేదో తప్పు చేసుంటావు అని యోబుని పీక్కుతిన్న స్నేహితులున్నారే, చివర్లో దేవుడు వాళ్ల మీద కోప్పడతాడు, మీరు నా గురించి సరిగ్గా మాట్లాడలేదని. నన్ను దశమభాగం గురించి ఆరా తీసినాయనకి ఆ అధ్యాయం పంపుదామనుకుని, పెద్దాయన అని ఊరుకున్నా.

యోహాను మూడో పత్రిక రెండో వచనం సంగతైతే మరీ విడ్డూరం. అన్ని విషయాల్లో నువ్వు వర్ధిల్లాలి, ఆరోగ్యంగా ఉండాలి అని గాయు అనే స్నేహితుడికి రాసిన మాట. అమెరికాలో ఓరల్ రాబర్ట్స్ లాంటివాళ్లు దీన్ని సమృద్ధి సువార్తకి పునాదిరాయి చేశారు, అక్కణ్ణుంచి అది మన శాటిలైట్ ఛానళ్లకి చేరింది. నిజానికి అది ఆ కాలం ఉత్తరాల్లో మర్యాదకి రాసే మొదటి లైను. మా తాత ఇన్లాండ్ లెటరు మీద ఇచ్చట అందరం క్షేమం, అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను అని మొదలెట్టేవాడు. ఆ లైను చూపించి, మీ తాత మాకు క్షేమం గ్యారంటీ ఇచ్చాడు అని ఎవరైనా కోర్టుకెళ్తే ఎలా ఉంటుంది?

ఇక్కడిదాకా చదివి, అయితే పేదగా ఉండమంటావా, డబ్బు పాపమంటావా అని అడగొచ్చు మీరు. అననే అనను. పేదరికాన్ని పవిత్రం అనేవాళ్లు ఎక్కువగా దాన్ని చూడనివాళ్లే. నేను మాదిగ పల్లె నుంచి వచ్చాను. మా వాళ్లకి సమృద్ధి అంటే ఫార్చ్యూనర్ కాదు, రెండు పూటలా అన్నం, వీధిలో చెప్పులేసుకుని నడవడం, బళ్లో బెంచీ మీద కూర్చోవడం. నా మొదటి నెల జీతం మా తాత ఏడాది కూలి కంటే ఎక్కువ. అది మేలు కాదని నేనెలా అంటాను?

కానీ మా వైపు ఈ విశ్వాసం ఎలా వచ్చిందో చూడండి. 1876-78 కరువులో ఒంగోలులో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఉండేవాడు. క్లౌ దొర అంటారు మావైపు ఇప్పటికీ. మిషనరీ కాకముందు అమెరికాలో సర్వేయరుగా పనిచేశాడు, ఒకరకంగా మన ఇంజనీర్ల జాతే. కరువు పనిగా బకింగ్ హామ్ కాలవలో మూడు మైళ్ల పైచిలుకు తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న వేల మందికి పనీ కూలీ ఇచ్చాడు. మాకు బాప్తిస్మం ఇవ్వండి అని జనం వస్తుంటే ఏడాది పైనే ఒక్కరికీ ఇవ్వలేదు. తిండి కోసం వస్తున్నారేమో, కరువు పోయాక చూద్దాం అని. సాయం అయిపోయింది, ఇంక ఇచ్చేదేమీ లేదు అని తెలిశాక కూడా వచ్చినవాళ్లకే ఇచ్చాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్క రోజులో 2,222 మంది. ఆ లెక్కలో మా ముత్తాత నాన్న ఉన్నాడని ఇంట్లో చెప్పుకుంటారు. రికార్డు నేను చూడలేదు, కానీ చెప్పుకోవడం మాకిష్టం.

కూలి ఇవ్వడానికి ఆగలేదు, కూలినీ దేవుణ్ణీ ఒక పొట్లంలో కట్టి ఇవ్వడానికి ఆగాడు. ఈ తేడా నూట నలభై ఏళ్ల కింద మనిషికి తెలిసింది.

ఇంకోటి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ కాడు. మన దగ్గర బీసీ-సి అవుతాడు. పదిహేను శాతం రిజర్వేషన్ లోంచి ఒక శాతంలోకి. కాయితం మీద ఒకటి, ఆదివారం ఒకటిగా బతికే ఇళ్లు చాలా ఉన్నాయి, వాళ్లని తప్పుపట్టే హక్కు నాకు లేదు. మా తాత మటుకు కాయితం మీద కూడా క్రైస్తవుడనే రాయించాడు. ఎంసెట్ కౌన్సెలింగులో బీసీ-సి సర్టిఫికెట్ పట్టుకుని కూర్చున్నప్పుడు నా పక్కవాడి కంటే నా ర్యాంకు మెరుగు, కాలేజీ మటుకు వాడిదే మెరుగు. అప్పుడు తాతని మనసులో తిట్టుకున్నా కూడా. నమ్మితే లాభమొస్తుంది అన్నదే సువార్త అయితే, మా తాత చేసింది శుద్ధ నష్టపు బేరం. ఆయనకి లెక్కలు రాక కాదు. ఊళ్లో చీటీ పాటల లెక్కలన్నీ ఆయనే చూసేవాడు.

2023 అక్టోబరులో ఉద్యోగం దొరికింది. పాతదాని కంటే ముప్ఫై శాతం తక్కువ. ఆ ఎనిమిది నెలల్లో నేను ఊరెళ్లినప్పుడల్లా, ఇంకా రాలేదా అని అడగని మనిషి ఒక్కతే, ఆ అక్క. ఈఎంఐ ఎంత తమ్ముడూ, ఎన్నో తారీఖు, అని అడిగేది. మిషను కుట్టి ఇద్దరు పిల్లల్ని చదివిస్తోంది కాబట్టి ఆమెకి తారీఖులు తెలుసు. ఒకసారి చేతిలో రెండు వేలు పెట్టబోయింది. తీసుకోలేదు. తీసుకోవాల్సింది అని ఇప్పుడనిపిస్తుంది.

ఆ డిసెంబర్ 31 రాత్రి మళ్లీ మైకు నా దగ్గరికొచ్చింది. ఉద్యోగం వచ్చింది కదా, సాక్ష్యం చెప్పు అన్నారు. అమ్మ ముందు వరసలోంచి చూస్తోంది. ముందు అక్కని చెప్పమనండి, తర్వాత నేను చెప్తానన్నా. అయ్యగారు ఒక క్షణం తటపటాయించారు. భర్త పోయాక ఆమెని ఎవరూ పిలవలేదు, ఏం చెప్తుందిలే అని కాబోలు.

అక్క లేచింది. కొంగు సర్దుకుని మైకు కాస్త దూరంగా పట్టుకుంది. పిల్లలకి రెండో టర్మ్ ఫీజు కట్టానండి, మూడోది ఫిబ్రవరిలో కట్టాలి అంది. రాత్రుళ్లు మిషను కుడుతుంటే ఇప్పుడు ఆయన మీద కోపం రావట్లేదండి, పై ఆయన మీద కూడా, మొదటి ఏడాది వచ్చేది అంది. మీ అందరికీ వందనాలు అని కూర్చుంది. స్తోత్రం ఎక్కడ చెప్పాలో ఎవరికీ తెలియలేదు. కాసేపటికి వెనక నుంచి ఒక ముసలాయన గొంతు అంది.

తర్వాత నా వంతు. కొత్త కంపెనీ పేరు గానీ జీతం గానీ చెప్పలేదు. 2021లో ఇదే చోట నేను మాట్లాడిన మాటలు తప్పు, ఎవరినన్నా బాధపెట్టి ఉంటే క్షమించండి అని చెప్పి దిగాను. అమ్మకి రెండ్రోజులు కోపం, నలుగురిలో అలా అంటావా అని. అక్క అయితే దాని గురించి ఇంతవరకూ ఒక్క మాట అనలేదు. పళ్లెం వచ్చినప్పుడు నా ముందే ఉంది, కార్డు తీసి చదివి, మడిచి, ఫీజు రసీదులుండే పర్సులో పెట్టుకుంది. ఏం వచ్చిందో నేను అడగలేదు.